పాలపిట్ట వెనక్కి తిరగని పూట

బీడు పక్కన తుమ్మచెట్టు కింద పాలపిట్ట కచేరీ నడిపేది. తను పాడేది కాదు. తన గొంతు ఎంత కర్కశమో తనకే తెలుసు. నీలిరెక్క ఎత్తితే పికిలిపిట్టలు అందుకునేవి, దించితే గోరింకలు ఆగేవి. వెనక వరుసలో నేల మీద కూర్చుని ముసలి పూరేడు పిట్ట తాళం తప్పకుండా కూసేది. తమ వైపు తిరిగి నిలబడ్డ పాలపిట్ట రెక్కల మీదే పాడేవాళ్లందరి చూపూ. వాళ్ల వెనక ఏముందో చూసుకునే పని పాలపిట్టది.

వినడానికి వచ్చే కుందేళ్లు మాత్రం ఏటికేడు తగ్గిపోయాయి. చివరికి రెండే మిగిలాయి, అందులో ఒకదానికి చెవుడు. ఇంకెవరి కోసం ఈ పాట్లు, ఎవరి దారి వాళ్లు చూసుకుందామని గోరింకలు గొణగసాగాయి. పాలపిట్టకు దిగులు పట్టుకుంది. వాళ్లు రాకపోతే మనమే వెళదామని, కాలవ అవతల మేకలు మేసే చోటికి కచేరీని మార్చింది. మేకలు ఒక చెవి ఇటు వేసి మేస్తూనే ఉన్నాయి.

అది చూసి నక్క పక్కన చేరింది. "వచ్చినవాళ్లకు వీపు చూపిస్తే ఎవరు నిలబడతారక్కా? ఇటు తిరుగు. ఆ నీలిరంగును వాళ్లనీ చూడనీ."

"మరి మావాళ్లను ఎవరు చూస్తారు?"

"పట్టపగలు, ఇంత మంద ఎదురుగా, ఏం భయం?"

మర్నాడు పాలపిట్ట మేకల వైపు తిరిగింది. మేకలు గడ్డి మానేసి తలలెత్తాయి, గిట్టలతో తాళం వేశాయి. పాలపిట్ట మనసు నిండిపోయింది. పాట మధ్యలో పూరేడు కూత ఆగింది. గొంతు ఆరిపోయిందేమో అనుకుంది గానీ, మేకల చూపు చెదిరిపోతుందని వెనక్కి తిరగలేదు.

పాట అయ్యాక తిరిగి చూస్తే, పూరేడు కూర్చున్న చోట నాలుగు ఈకలున్నాయి. నక్క ఎక్కడా లేదు.

"మీరెవరూ చూడలేదా?" అని అడిగింది.

"నీ రెక్కల మీంచి చూపు తిప్పొద్దని నువ్వే కదా నేర్పావు" అంది గోరింక, ఏడుస్తూ.

మూడు రోజులు ఎవరూ పాడలేదు. నాలుగో రోజు మేకలే వెతుక్కుంటూ వచ్చాయి. పాలపిట్ట ఈసారి తనవాళ్ల వైపే తిరిగి నిలబడింది. నీ మొహం కనబడట్లేదని ఓ మేక సణిగింది.

"అయితే వాళ్ల వెనక్కి వెళ్లి కూర్చోండమ్మా" అంది పాలపిట్ట.

మేకలు వెళ్లి కూర్చున్నాయి. ఇప్పుడు దానికి అందరూ కనబడుతున్నారు. ఇంత చిన్న ఉపాయం మొన్న తోచలేదే అని కుమిలిపోయింది. పూరేడు అందుకోవాల్సిన చోట అలవాటుగా రెక్క ఎత్తింది. ఎవరూ కూయలేదు.

కొత్తవాళ్లను పిలవడంలో తప్పు లేదు. వాళ్ల మోజులో పడి మనల్ని నమ్ముకున్నవాళ్ల మీంచి కన్ను తీయడమే తప్పు.