తెర మీద ముందేముండాలి?

మబ్బులు వీధుల్లోకి దిగి నిద్రపోయే కొండపట్నంలో, ఇళ్ళు అమ్మే వీరభోగదొర ఉండేవాడు. కొనేవాళ్ళు ముందుగా చూసే గుడ్డతెర మీద పైన తన ముఖం, కింద తన బిరుదులు, అట్టడుగున ఇళ్ళు వేయమన్నాడు. బొమ్మలేసే ముత్యాలుకు కలలో కనిపించేవన్నీ ఓరగా తెరిచిన తలుపులే. అయినా దొర మాటకు సరేనంది.

తెర చూడాలని దొర ఎండలో కొండెక్కి ఆమె ఇంటికొచ్చాడు. మంచినీళ్ళడిగితే, ముత్యాలు తన తాత పటం చూపించి, ఆయన ఘనతలు తీరిగ్గా చెప్పసాగింది.

"ఇంటికొచ్చినవాళ్ళకు ముందు నీళ్ళివ్వాలని తెలీదూ?"

"మీరు చెప్పిన వరుసేగా దొరా! ముఖం, బిరుదులు, ఆ తర్వాతే నీళ్ళు. ఇల్లు వెతుక్కునేవాళ్ళదీ దాహమే కదా! వాళ్ళకు ముందు తలుపు కనిపించాలి," అంటూ నీళ్ళు అందించింది.

దొర గటగటా తాగాడు. "సరే, పైన తలుపే వెయ్యి. మరి నా ముఖం?"

"తలుపు వెనక వేస్తాను దొరా. లోపలికొచ్చాక ఎలాగూ తప్పదు."