ఒక్క నీలం తీగ

“దసరాకల్లా కుమ్మరివీధి కుళాయిల్లో నీళ్లు రాకపోతే నా పేరు మార్చుకుంటాను” అన్నాడు పురపాలక చైర్మన్ పరంధామయ్య. దసరా వెళ్లింది, శివరాత్రీ వెళ్లింది. నీళ్లూ రాలేదు, పేరూ మారలేదు. ఎప్పుడడిగినా ‘పరిశీలనలో ఉంది’ అనేవాడు.

ఆ వీధిలోనే కార్ల వైరింగు చేసే సైదమ్మ దుకాణానికి ఒకరోజు ఆయనే కారులో వచ్చాడు. కారుతో వచ్చిన స్పీకర్లకీ, డిక్కీలో దరువు మోగించే సబ్‌ఊఫర్‌కీ కొత్త స్టీరియో కలపాలి. సైదమ్మ కలిపి పాట పెట్టింది. స్పీకర్లు పాడాయి. సబ్‌ఊఫర్ మాత్రం ఉలకలేదు.

“దరువేదమ్మా?” అన్నాడు చైర్మన్.

“అన్నీ బిగించానండి. దాన్ని నిద్రలేపే ఈ నీలం తీగ ఒక్కటే కలపలేదు.”

“ఎందుకు కలపలేదు?”

“పరిశీలనలో ఉందండి.”

దుకాణం ముందు నీళ్ల ట్యాంకరు కోసం బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. ఆయనకు ఒళ్లు మండింది. “అన్నీ బిగించి ఒక్క తీగ దగ్గర ఆపేవాళ్లని పనిదొంగలంటారు! రెండు నిమిషాల పని!”

“మా వీధిలో గొట్టాలు వేశారు, కుళాయిలు బిగించారు. వాల్వు తిప్పమనే మీ సంతకం ఒక్కటే ఆగిందండి. మరి ఆపినవాళ్లని ఏమంటారు?”

సైదమ్మ తీగ కలిపింది. కారు అద్దాలు అదిరేలా దరువు మోగింది. ఆడవాళ్లు బిందెల మీద తాళం అందుకున్నారు.

“నీళ్లు మీ దయ కాదండి, మా హక్కు” అంది సైదమ్మ. “నాకు రెండు నిమిషాలు పట్టింది. మీకు పది రోజులిస్తున్నాం. సంతకమో, సమాధానమో, మార్చి పద్దెనిమిదో తేదీ పొద్దున పదింటికల్లా ఈ వీధికి రావాలి.”