నోటినిండా నీళ్ళు పట్టిన సోమవ్వ

రండి పిల్లలూ, దగ్గరికి రండి. ఆ చివర ఉన్నవాళ్ళు కూడా ఇటు జరగండి, ఇంకా చోటుంది. కూర్చున్నారా? అయితే వినండి.

మన తాతలకు తాతలు కూడా పుట్టని కాలం. వాగు ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో వడ్ల సోమవ్వ అని ఒకామె ఉండేది. తండ్రి దగ్గర ఉలి పట్టడం నేర్చుకుంది. తండ్రి పోయాక ఊరి కొయ్యపని అంతా తానే చేసేది.

వాగుకు అడ్డంగా కట్ట, కట్టకు మూడు తూములు. ఎడమ తూము నీళ్ళు కుమ్మరివాడ పక్కనుంచి పొలాలకు పోతాయి. నడిమిది తోటలకు. కుడిది వరద నీళ్ళను తిరిగి వాగులోకి వదలడానికి. కిందికి దిగి తూము తలుపు ఎత్తడం కష్టమని, సోమవ్వ కట్ట మీద మూడు మీటలు పెట్టి తాళ్ళతో తూములకు కలిపింది. లాగడం తేలికవుతుందని తాళ్ళను అడ్డంగా దాటించింది. దాంతో కుడి మీట లాగితే ఎడమ తూము తెరుచుకునేది. మూడు మీటలూ నున్నగా, ఒకే పోలికగా, ఒక తల్లి పిల్లల్లా ఉండేవి. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు.

మొదటి వరద వచ్చింది. నీళ్ళు వదిలే నీరటి తప్పు మీట లాగాడు. కుమ్మరివాడ మునిగింది. "మీట బంగారం. మనిషే పనికిరాడు" అని ఊరు అతణ్ణి వెళ్ళగొట్టింది. సోమవ్వ కూడా తల ఊపింది.

రెండో వరద వచ్చింది. కొత్త నీరటీ అదే మీట లాగాడు. "మీట బంగారం. మనిషే పనికిరాడు." అతణ్ణీ వెళ్ళగొట్టారు. సోమవ్వ మళ్ళీ తల ఊపింది.

మూడో వరదకు నీరటి పోశాలు. అతనూ అదే మీట లాగాడు. కుమ్మరులు కుండలు కాల్చే ఆవాలు కూలాయి, పచ్చి కుండలన్నీ మట్టిలో కలిశాయి. పెళ్ళాం పిల్లలతో సహా ఊరు విడిచిపొమ్మన్నాడు ఊరి పెద్ద పటేలు.

మూట కట్టుకుంటున్న పోశాలు దగ్గరికి సోమవ్వ వెళ్ళింది.

"కుడి మీట ఎడమ తూముదని నీకు చెప్పిన గదరా?"

"చెప్పినవవ్వా. ఎండల చెప్పినవు. వానల యాదికి రాలే. కుడి దిక్కు నీళ్ళు పోవాలె, కుడి దిక్కు గుంజిన."

ఆ మాట సోమవ్వకు కాలిలో ముల్లులా దిగింది. ముగ్గురు మనుషులు, ఒకే తప్పు. ముగ్గురూ తెలివితక్కువవాళ్ళేనా?

పటేలు దగ్గరికి పోయింది. "మూడు దినాలు ఆగు పటేలా. మీటలు ఎన్నడూ ముట్టని ముగ్గురితోటి గుంజిపిస్త."

"ముసల్దానివి, నీ ముచ్చట ఎందుకు కాదనాలె. కానీయ్," అన్నాడు పటేలు.

మొదటి రోజు సాలె నర్సింలు వచ్చాడు. కుడి తూము తెరవమంది. కుడి మీట మీద చెయ్యి వేశాడు. "అది కాదు బిడ్డా, ఆ కొసది," అనేసింది సోమవ్వ. సరిగ్గా లాగాడు. "చూసినవా, మీట మంచిదే," అన్నారు జనం. సోమవ్వ మాత్రం ఇంటికి పోతూ అనుకుంది: తూము తెరిచింది వాడి చెయ్యి కాదు, నా నోరు. వానలో వాడి పక్కన నేనుంటానా?

రెండో రోజు ఇల్లు మునిగిన కుమ్మరి లచ్చవ్వ వచ్చింది. ఈసారి సోమవ్వ, కుడి తూము తెరవమని మాత్రం చెప్పేసి, నోటినిండా నీళ్ళు పట్టి కూర్చుంది. లచ్చవ్వ కుడి మీట లాగింది. ఎడమ తూము తెరుచుకుంది. సోమవ్వ బుగ్గలు ఉబ్బాయి. మాట మాత్రం రాలేదు.

మూడో రోజు పటేలే వచ్చాడు. సోమవ్వ మళ్ళీ నోటినిండా నీళ్ళు పట్టింది. "నేను నీరటి లెక్క ఆగం కాను," అని కుడి మీట లాగాడు. ఎడమ తూము తెరుచుకుంది.

"చెయ్యి జారింది," అన్నాడు పటేలు.

సోమవ్వ నీళ్ళు ఉమ్మేసింది.

"నీ చెయ్యి జారలే పటేలా. నా పనే తప్పు. ఇద్దరిని ఊళ్ళెకెళ్ళి వెళ్ళగొట్టింది నేను. పోశాలును పంపుడైతే ముందు నన్ను పంపు."

పటేలు మీట మీది నుంచి చెయ్యి తీశాడు. తర్వాత, "మూట విప్పుమను పోశాలును," అన్నాడు.

సోమవ్వ తాళ్ళను నేరుగా కట్టింది. ఏ పక్క మీట ఆ పక్క తూముకే. లాగడం బరువైంది. "బరువైతే ఇద్దరం గుంజుతం," అన్నాడు పోశాలు. వరద నీళ్ళు వదిలే కుడి మీట తలను సోమవ్వ రోకలంత లావు చేసింది, కళ్ళు మూసినా చేతికి తెలిసేలా. ఆ పై వానకు కళ్ళలో నీళ్ళు కొడుతుంటే పోశాలు తడిమి పట్టుకున్నాడు. కుమ్మరివాడలో ఒక్క కుండ తడవలేదు.

ముందు వెళ్ళగొట్టిన ఇద్దరికీ సోమవ్వ కబురు పెట్టించింది. ఒకడు తిరిగొచ్చాడు. రెండోవాడు ఎక్కడున్నాడో తెలియలేదు. ఆ బాధ ఆమెకు చివరిదాకా ఉంది.

అప్పటినుంచి తలుపు గడియ చేసినా, బండి చేసినా, ఊయల చేసినా, ముందు కొత్తవాళ్ళ చేతికి ఇచ్చేది. నోటినిండా నీళ్ళు పట్టి చూసేది. వాళ్ళు తడబడితే మళ్ళీ ఉలి పట్టేది.

సోమవ్వ పోయి ఎన్నో తరాలైంది. ఆ పక్క ఊళ్ళలో ఇప్పటికీ, కొత్త వస్తువు చేసినవాడు నోటినిండా నీళ్ళు పట్టి పక్కన కూర్చుంటాడట. పని కాకముందే ఉమ్మేశాడా, వస్తువు తిరిగి పనిచేసే కొట్టానికే. ఎవరైనా గడియ తీయలేక తంటాలు పడితే అక్కడ నవ్వరు. "ఈ గడియ ఎవరు చేసిండ్రు?" అని అడుగుతారు.

సరే, లేవండి. మీ అమ్మలు పిలుస్తున్నారు. పోయి వేడివేడిగా అన్నం తినండి.