ఒడివిత్తులమ్మకు కోయని బంతిపువ్వు

ఎర్రతిప్ప మీది ఒడివిత్తులమ్మ గుడిలో పులిహోర, దద్దోజనం వంటి ప్రసాదాలు దొరకవు. అర్చకులు ఆడవారి కొంగులో చిటికెడు బంతివిత్తులు పోసి పంపుతారు. "ఇంత దూరం వచ్చింది ఈ పుల్లల కోసమా?" అని ముఖం చిట్లించేవారు లేకపోలేదు. అంగట్లో కొన్న దండలు ఇక్కడ వేయరని తెలిసి అలిగేవారూ ఉన్నారు. ఈ కథ చదివాక కూడా అలుగుతామంటే మీ ఇష్టం.

పూర్వం ఇక్కడ గుడి లేదు. తిప్ప మీది నిలువురాయినే అమ్మవారిగా కొలిచేవారు. తిప్ప కింద ఓబుళమ్మ అనే ఇల్లాలి పెరట్లో ఎర్రని రెక్కబంతి పూసేది. అంత ఘాటైన పరిమళం గల పువ్వు ఆ చుట్టుపక్కల మరొకటి లేదు. ఆమె కాపురానికి వచ్చిననాడు తల్లి ఒడిలో పోసిన విత్తులవి. కూతురు అచ్చమ్మ అత్తవారింటికి వెళ్లేటప్పుడు ఆమె ఒడిలోనూ అవే పోయాలి. అది వారి ఇంటి ఆనవాయితీ.

ఓబుళమ్మ భక్తికి హద్దు లేదు. ఒక ఏడు పూసిన పువ్వు పూసినట్టే కోసి అమ్మవారికి దండలు కట్టింది. "నాలుగు పూలు చెట్టునే ఎండనీయవే అమ్మా, విత్తనానికి," అని అచ్చమ్మ బతిమాలింది.

"చాల్లేవే! అమ్మవారి దగ్గర పిసినారితనమా?" అని తల్లి కసిరింది.

తొలకరి వచ్చింది. మాఘమాసానికి అచ్చమ్మ పెళ్లి కుదిరింది. విత్తుల కుండలో చేయి పెడితే అడుగు తగిలింది. ఊరూరా అడిగినా ఆ రకం ఎవరి దగ్గరా లేదు. తల్లి ఇచ్చినదాన్ని తన చేతులతోనే తుడిచిపెట్టానని ఓబుళమ్మ మిట్టమధ్యాహ్నం గడపలో కూలబడి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి అక్కడే కునుకు తీసింది. కలలో అమ్మవారు కనిపించి, "పిచ్చిదానా! నా మెడ నింపి బిడ్డ ఒడి ఖాళీ చేస్తావా? నేను అడిగానా? లే, నా వెనక చూడు," అన్నది.

పరుగున వెళ్లి చూడగా, రాతి వెనుక పారేసిన వాడిన దండల కుప్పలో ఒకే ఒక్క బంతి మొలక కనిపించింది. దాన్ని పీకి పెరట్లో నాటడానికి ఓబుళమ్మకు ధైర్యం చాలలేదు. అక్కడే ముళ్లకంప చుట్టి, కడవతో నీళ్లు మోసి పెంచింది. కార్తీకంలో తిప్పంతా గుబాళించింది. అలవాటుగా చేయి పువ్వు మీదికి పోయేది, గబుక్కున వెనక్కి తీసుకునేది. పండుగనాడు అమ్మవారి మెడ బోసిగా ఉందని ఊరివారు నిలదీశారు.

"ఎవరి కోసమే దాస్తున్నావు?"

"అమ్మే దాచమంది," అని ఊరుకుంది ఓబుళమ్మ.

మాఘంలో అప్పగింతల వేళ, ఎండిన పూలు నలిపి నల్లని విత్తులు కూతురి ఒడిలో పోసింది. "అడిగినవాళ్లందరికీ పంచు. అన్నీ మాత్రం కోసెయ్యకే తల్లీ," అని కావలించుకుని భోరుమంది.

నేటికీ భక్తులు ఇక్కడి విత్తులను తొలకరికి తమ పెరట్లో చల్లుకుంటారు. పూచిన పూలు తెచ్చి అమ్మవారికి వేస్తారు. అలా చేసిన ఇంటి ఆడబిడ్డ ఒడి ఎన్నడూ వట్టిది కాదని నమ్మకం. మొక్కకు ఒక్క పువ్వు మాత్రం కోయకుండా చెట్టునే ఎండనిస్తారు. అమ్మవారికి పెట్టని ఆ పువ్వునే ఇక్కడ అమ్మవారి పువ్వు అంటారు.