నీడ పడినంత మేర

ఒకప్పుడు సూరీడు ఇప్పట్లా నడినెత్తికి ఎక్కేవాడు కాదు. పొద్దున్నే లేచి, ఆకాశం అంచు పట్టుకుని ఓ చుట్టు తిరిగి, సాయంత్రానికి దిగిపోయేవాడు. అందుకే రోజంతా నీడలు బారెడు బారెడు సాగి ఉండేవి.

ఆ రోజుల్లో ఎర్రగట్టు అని మరుగుజ్జుల దేశం ఒకటుండేది. దానికి రాజు జగ్గరాయుడు. మనిషి మూరెడున్నర, కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. ఉండదూ మరి? ఆయనకు జరిగిన అన్యాయం వింటే మీకూ వస్తుంది.

గట్టుకు అవతల పొడుగువాళ్ల దేశం. వాళ్ల దొర ఇంటి నడుమ పాతిన నిట్రాటంత ఎత్తుంటాడని అందరూ నిట్రాట దొర అనేవాళ్లు. ఆ పెద్దమనిషి ఒక చట్టం చేశాడు. ఏడాదికోసారి ఇద్దరు రాజులూ పొలిమేరలో నిలబడాలి. డప్పు మోగగానే ఎవరి నీడ ఎంత మేర పడితే అంత నేల వాళ్లది.

డప్పు ఎప్పుడు మోగించేవాడో తెలుసా? పొద్దున్నే, సూరీడు తన వీపు వెనక ఉన్నప్పుడు. నిట్రాట దొర నీడ మరుగుజ్జుల మడులు మూడు దాటి పోయేది. జగ్గరాయుడి నీడ రెండు బారలు పడేది, అదీ తన నేల మీదే.

ఒక ఏడాది ఆయన పెద్ద తలపాగా చుట్టుకుని వెళ్లాడు. "ఆ మోసాలు ఇక్కడ కుదరవు, తీసెయ్" అన్నాడు నిట్రాట దొర. మోసమట. ఎవరు ఎవర్ని అంటున్నారో చూడండి.

అలా ఏటేటా పోయి పోయి, చివరికి ఎర్రగట్టుకు ఒక్క కొర్రచేను మిగిలింది. ఊరంతటికీ అదే తిండి. కొలత రేపనగా, ఆ చేను దున్నే గవరమ్మ అవ్వ రాజు దగ్గరకు వచ్చింది.

"రాజా, రేపు ఇది కూడా పోతే పిల్లలకు గంజి కాచడానికి గింజ ఉండదు. నువ్వు ఊరికే కోపంతో పళ్లు నూరుకుంటే సరిపోతుందా?" అని అడిగింది.

జగ్గరాయుడికి చురుక్కుమంది. అసలు తప్పెవరిదని ఆలోచించాడు. నీడలు సాగదీసేది సూరీడే కదా. చేతికర్ర పట్టుకుని, సూరీడు దిగే పడమటి కొండ ఎక్కడం మొదలుపెట్టాడు. రాయి రాయికీ జారుతూ, మోకాళ్లు గీరుకుపోయి, సాయంత్రానికి పైకి చేరాడు.

"ఓ సూరయ్యా, ఆగు" అన్నాడు.

సూరీడు అటూ ఇటూ చూశాడు. "ఎవరయ్యా అది? ఎవరూ కనబడరే?"

"కనబడం. నువ్వెప్పుడైనా కిందికి చూస్తే కదా. అంచున పాకుతూ పోతావు, పొడుగువాళ్ల తలలే చూస్తావు. నీ వెలుగుతోనే వాళ్లు మా నేల కాజేస్తున్నారు. నీకేం పట్టదా?"

సూరీడు మొహం ఇంకాస్త ఎర్రబడింది. "నాకు తెలీదయ్యా. పైకెక్కి చూద్దామంటే కాళ్లనొప్పులు."

"నీకు కాళ్లెక్కడున్నాయి?" అని జగ్గరాయుడు కర్ర నేలకేసి కొట్టాడు. "నేను ఈ పొట్టికాళ్లతో కొండెక్కి వచ్చాను. నువ్వు ఒక్కరోజు ఆకాశం ఎక్కలేవా?"

సూరీడు సిగ్గుపడి, సరేనని దిగిపోయాడు.

మర్నాడు పొలిమేరలో అందరూ చేరారు. డప్పు కొట్టేవాడు కర్ర ఎత్తాడు.

"ఉండండి" అన్నాడు జగ్గరాయుడు. "దొరగారూ, చట్టం ఇంకోసారి చెప్పండి. నీడ పడిన నేల మీదైతే, పడని నేల మీది కాదు కదా?"

"కాదు. నా నీడ పడని నేల నాకెందుకు?" అని నిట్రాట దొర నవ్వాడు. పొగడ్తలంటే అతనికి ప్రాణం, తన గొప్ప తనే చెప్పుకోవడం ఇంకా ఇష్టం. ఆ చట్టం ఎలా చేశాడో, తన తాతల నీడలు ఎంతెంత ఉండేవో మొదలుపెట్టాడు. చెప్తూనే ఉన్నాడు. వెనక సూరీడు ఆయాసపడుతూ ఎక్కుతూనే ఉన్నాడు.

మాటలు అయ్యేసరికి సూరీడు నడినెత్తిన ఉన్నాడు. డప్పు మోగింది. నిట్రాట దొర నీడ కోసం ముందు చూశాడు, వెనక చూశాడు. అది అతని కాళ్ల కింద రొట్టెంత ముడుచుకుని ఉంది. పక్కన జగ్గరాయుడి నీడా రొట్టెంతే.

"చూసుకోండి, మీ పాదాల కింద ఉన్నంత మీది. మిగతా మడులన్నీ మావి. ఇది నేనన్న మాట కాదు, మీరన్నదే" అన్నాడు జగ్గరాయుడు.

"అన్యాయం" అన్నాడు నిట్రాట దొర. "సూరీడా, నువ్వే చెప్పు, మాలో పెద్ద ఎవరు?"

సూరీడు కళ్లు చికిలించి చూశాడు. "ఇక్కణ్నుంచి రెండు తలకాయలే కనబడుతున్నాయి. ఏది ఎవరిదో తెలీడం లేదయ్యా" అన్నాడు.

అందరి ముందూ ఆ మాట విన్నాక దొర తను కాజేసిన మడులన్నీ దాటుకుని పాత హద్దు దాకా వెనక్కి నడిచాడు. గవరమ్మ అవ్వ కొర్రచేనులోకి దిగి, కోత మొదలుపెట్టింది.

జగ్గరాయుడు మాత్రం సూరీణ్ని వదల్లేదు. "ఒక్కరోజు చూస్తే చాలదు. రోజూ ఎక్కి చూడాలి" అని ఒట్టు వేయించుకున్నాడు.

అప్పటినుంచే సూరీడు ఎంత ఆయాసమైనా రోజుకోసారి ఆకాశం నడిమికి ఎక్కి కిందికి చూస్తున్నాడు. అప్పటినుంచే మిట్టమధ్యాహ్నం ఎంత పొడుగువాడి నీడైనా సరే, వాడి కాళ్ల కిందే ముడుచుకుని ఉంటోంది.