నడిగీత మీద సిరితల్లి

ఆటకి వెళ్ళి ఆట చూడని మనిషి భుజంగరావు మాస్టారు. ముందు వరసలో కుర్చీ వేయించుకుంటారు, దాన్ని వెనక్కి తిప్పుకుంటారు, కోర్టుకి వీపు పెట్టి గ్యాలరీలో జనం మొహాలు చూస్తూ కూర్చుంటారు. ముప్ఫై ఏళ్ళు డ్రిల్లు మాస్టారుగా చేసి, రిటైరయ్యాక విశాఖపట్నంలో ఒక మేనేజిమెంటు కాలేజీలో ఆటల మార్కెటింగు పాఠం చెప్పడానికి కుదిరారు. ఆట దగ్గరికి జనాన్నీ, జనం దగ్గరికి తన సరుకుతో వచ్చే వ్యాపారినీ ఎలా తీసుకురావాలో నేర్పే చదువు అది. మాస్టారు పుస్తకం తెరవమనేవారు కాదు. ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారూ కాదు. "మ్యాచికి రా" అనేవారు, అంతే. ఫీజు కట్టి చదువుకునేవాళ్ళకి ఒళ్ళు మండదూ మరి?

అలా మండినవాళ్ళలో మొదటివాడు పొట్నూరు హేమసుందరం. చదువులో చురుకు, మాటలో అంతకంటే చురుకు. చదువైన మరుసటి ఏడే రాజాంలో జరిగే రాష్ట్ర మహిళా కబడ్డీ పోటీల ప్రచారం పని మొత్తం అతని చేతికొచ్చింది. పోటీల ఖర్చు భరించింది సిరితల్లి మార్కు బియ్యం మిల్లు యజమాని పురుషోత్తం గారు. ఉత్తరాంధ్రలో ఆ బస్తా తెలియని ఇల్లు లేదు. బస్తా మీద ఎర్రచీర కట్టుకుని, చేతిలో వరికంకుల కట్ట పట్టుకుని, పెద్ద కళ్ళతో తల్లి బొమ్మ ఉంటుంది.

ఫైనలుకి ముందురోజు హేమసుందరం మాస్టారికి ఫోను చేశాడు. అడగడానికి చేశాడో, చెప్పుకోవడానికి చేశాడో అతనికే తెలియాలి.

"మాస్టారూ, కూతకెళ్ళే మనిషి నడిగీత దాటకుండా ఆట లేదు కదా. జనం కళ్ళన్నీ అక్కడే. సరిగ్గా అక్కడ, గీతకి అటూ ఇటూ రెండేసి గజాలు, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మార్కు అతికిస్తున్నాను. ఆట నడిచినంతసేపూ కంటి ముందు ఉంటుంది. మార్కుకి ఇంతకంటే మంచి చోటు ఉంటుందా?"

"ఆ చోటు ఎవరిది?" అన్నారు మాస్టారు.

"కొనుక్కున్నవాళ్ళది."

"అలాగా. రేపు వస్తాను" అని ఫోను పెట్టేశారు.

తెల్లారి ఎనిమిదింటికి పనివాళ్ళు నలుగురు హాల్లో మ్యాటు మీద సిరితల్లి పెద్ద బొమ్మ అతికించడానికి దిగారు. జిగురు హేమసుందరమే ఏరి తెప్పించాడు. ఆడపిల్లలు ఎంత తొక్కులాడినా అంచు లేవకూడదని అతని పట్టుదల. పని సగమయ్యాక ఒక విచిత్రం చూశాడు. కత్తెర అటువైపు ఉంటే, ఇటువైపు మనిషి బొమ్మ మీదుగా నాలుగడుగులు వేసి తెచ్చుకోకుండా, మ్యాటు అంచులమ్మటే చుట్టూ తిరిగి వెళ్ళి తెస్తున్నాడు. నీళ్ళసీసాకీ అంతే, గుడ్డకీ అంతే. "అడ్డంగా నడవండయ్యా, టైము లేదు" అని కసిరాడు. వాళ్ళు తలూపారు, మళ్ళీ చుట్టూనే తిరిగారు. రోజుకూలికి వచ్చినవాళ్ళు కదా, కావాలనే సాగదీస్తున్నారని హేమసుందరం పళ్ళు నూరుకున్నాడు.

సాయంత్రం నాలుగింటికి హాలు కిక్కిరిసిపోయింది. కాలేజీ పిల్లలూ, చంటిబిడ్డల తల్లులూ, పలాస నుంచి రెండు బస్సుల్లో వచ్చిన జీడిపప్పు బట్టీల ఆడవాళ్ళూ మెట్లన్నీ నింపేశారు. మాస్టారు తన కుర్చీ వెనక్కి తిప్పుకుని కూర్చున్నారు. పురుషోత్తం గారు సోఫాలో, ఆయన పక్కన కబడ్డీ సంఘం కార్యదర్శి. ఒకవైపు శ్రీకాకుళం జట్టు, ఇంకోవైపు గుంటూరు జట్టు.

శ్రీకాకుళం కెప్టెను కిల్లి దమయంతి. ఆ బట్టీల్లోనే పని, జీడిరసానికి వేళ్ళు నల్లబడి ఉంటాయి. దిగేముందు వంగి నేల తాకి కళ్ళకద్దుకోవడం ఆ పిల్లల అలవాటు. దమయంతి వంగింది. వంగినమనిషి వంగినట్టే ఉండిపోయింది. తర్వాత మెల్లగా లేచి రెండడుగులు వెనక్కి వేసి చేతులు కట్టుకుని నిలబడింది. వెనక జట్టంతా నిలబడింది.

రిఫరీ నాగరత్నం గారు విజిలేశారు. ఎవరూ కదలలేదు. హేమసుందరం పరుగున వచ్చాడు.

"ఏమైందండీ?"

"ఏటవుతాది బాబూ. తల్లిని నేలమీద పరిచీసి ఆడమంటే ఎలాగ? మేం కాలెట్టం" అంది దమయంతి.

"అది దేవత కాదండీ, ట్రేడ్‌మార్కు. రిజిస్టరయింది."

"బస్తా ఖాళీ అయితే మాయమ్మ ఆ బొమ్మ కత్తిరించి గోడకి అంటిస్తాది. బొట్టు పెడతాది. రిజిస్టరు సంగతి మాయమ్మకి తెల్దు."

పైనుంచి ఎవరో "మాయింట్లోనూ అంతే" అన్నారు.  హేమసుందరం కూర్చుని బొమ్మ అంచు పట్టుకుని లాగాడు. జిగురు మంచి జిగురు. చారెడు ఊడేసరికి కింద మ్యాటు చర్మం కూడా లేచి వచ్చేసింది. ఇంకో మ్యాటు ఆ ఊళ్ళో లేదు. ఎంత పెద్ద పప్పులో కాలేశాడో అప్పటికి తెలిసొచ్చింది పాపం.

కార్యదర్శికి కోపం వచ్చింది. "అయిదు నిమిషాల్లో దిగకపోతే గుంటూరుకి వాకోవరు ఇచ్చేస్తాను" అని మైకులో చెప్పాడు.

గుంటూరు కెప్టెను తాళ్లూరి ఎస్తేరు పొడుగైన పిల్ల, మాట తక్కువ. వాకోవరంటే అప్పనంగా కప్పు. ఆ పిల్ల వెనక్కి తిరిగి తన జట్టుని చూసింది, ముందుకు తిరిగి కార్యదర్శిని చూసింది, నేలమీద కూర్చుంది. జట్టంతా కూర్చుంది.

"మాకేం వద్దండీ. మేమూ తొక్కం."

"నువ్వు చర్చికి పోయే పిల్లవి కదమ్మా. నీకేం అడ్డం?" అన్నాడు కార్యదర్శి.

"దేవత సంగతి నాకు తెలవదండీ. ఈ పోటీలకొచ్చిన కాడ్నుంచి మూడుపూట్లా మాకు పెట్టేది ఆ బస్తాలో అన్నమే. తినే కూడు మీద కాలు పెట్టమంటే పెడతానా?"

కార్యదర్శి మొహం కందగడ్డయింది. "అయితే ఇద్దరికీ లేదు. ఫైనలు జరగలేదని రాస్తాను. సర్టిఫికెట్లు ఎవరికీ రావు, గుర్తుపెట్టుకోండి."

ఆ మాటకి పిల్లల మొహాల్లో రంగు మారింది. ఎందుకు మారదు? ఫైనలు ఆడినట్టు కాగితం ఉంటే ఆటల కోటాలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. దమయంతికి ఇరవై ఆరు నిండుతున్నాయి, దరఖాస్తుకి ఇంకో ఏడాది గడువు లేదు. ఈ ఒక్క సాయంత్రం కోసం నాలుగేళ్ళు బట్టీ దిగి బస్సెక్కి ప్రాక్టీసుకి వెళ్ళింది. ఆమె నల్లటి వేళ్ళు ఒకదాన్నొకటి నలుపుకోవడం హేమసుందరం చూశాడు. తన తెలివి ఆమె బతుకు మీదికి తెచ్చిందని అతనికి మొదటిసారి సిగ్గేసింది. సిగ్గుతోపాటు భయం కూడా వేసింది, ఎందుకంటే పురుషోత్తం గారు సోఫాలోంచి లేచి వస్తున్నారు.

పురుషోత్తం గారు చెడ్డమనిషి కాదు. తన మాట సాగడం అలవాటైన మనిషి. మ్యాటు దగ్గర నిలబడి నెమ్మదిగానే చెప్పారు.

"అమ్మా, ఈ బొమ్మ నాది. మా నాన్నగారు దగ్గరుండి గీయించారు. నాదాన్ని నేనే తొక్కమంటున్నాను. పాపం ఏమన్నా ఉంటే అది నాకే చుట్టుకుంటుంది. దిగండి."

దమయంతి ఆయన కళ్ళలోకి చూసింది. "మీదే కదా బాబూ. ముందు మీరు తొక్కండి. మీ యెనకాలే మేం దిగుతాం."

జనమంతా ముందుకు వంగి చూశారు. వెనక్కి తగ్గితే పరువు పోతుంది, అందులో సందేహం లేదు. "ఓస్, ఇంతేనా" అన్నారు పురుషోత్తం గారు. వంగారు. కుడి బూటు లేసు విప్పారు, ఎడమ బూటు లేసు విప్పారు. రెండు బూట్లూ విడిచి పక్కపక్కన సర్దిపెట్టారు. మేజోళ్ళు కూడా తీసి బూట్లలో కుక్కారు.

మూడో మెట్టు మీంచి బట్టీ ముసలమ్మ ఒకత్తె నింపాదిగా అడిగింది. "బాబుగారూ, మార్కే కదా. మరి బూట్లెందుకు విప్పుతున్నారు?"

హాలంతా గొల్లుమంది. పురుషోత్తం గారు తన కాళ్ళవైపు తనే చూసుకున్నారు, అవి ఎప్పుడు ఖాళీ అయ్యాయో తెలియనట్టు. అయినా కాలెత్తారు. ఎత్తిన కాలు కింద పెద్ద పెద్ద కళ్ళు, వాళ్ళ నాన్నగారు గీయించిన కళ్ళు. ఆ కాలు కొంతసేపు గాల్లోనే ఉంది. తర్వాత ఎక్కణ్ణుంచి లేచిందో అక్కడికే వచ్చేసింది.

అప్పుడు ఎవరూ నవ్వలేదు.

దమయంతి కార్యదర్శివైపు తిరిగింది. "కప్పూ కాయితాలూ మీ దగ్గరే ఉంచుకోండి బాబూ. ఆట మాది. మేం పట్టుకుపోతాం."

చెప్పి ఆగలేదు. మ్యాటు అంచులమ్మటే నడిచి గుంటూరు పిల్లల దగ్గరికి వెళ్ళి ఎస్తేరుకి చెయ్యిచ్చింది. ఎస్తేరు ఆ చెయ్యి పట్టుకుని లేచింది. హాలు వెనక పాత మట్టికోర్టు ఉంది, పొద్దున్న రెండు జట్లూ ఒళ్ళు విరుచుకున్నది అక్కడే. పద్నాలుగు మంది ఆడపిల్లలు వరసగా తలుపు దాటారు. మెట్లమీంచి బట్టీల ఆడవాళ్ళు లేచారు, వాళ్ళ వెనక చంటిబిడ్డల తల్లులు, కాలేజీ పిల్లలు. రిఫరీ నాగరత్నం గారు స్కోరు షీటు చంకలో పెట్టుకుని బయల్దేరారు.

"ఎక్కడికండీ మీరు? మట్టి మీద ఆడితే నేనొప్పుకోను" అన్నాడు కార్యదర్శి.

"ఇద్దరు కెప్టెన్లూ ఒప్పుకుంటే మట్టి మీద ఆడకూడదని రూల్లో ఎక్కడుందో చూపించండి. నా విజిలు నా మెడలోనే ఉంది, షీటు మీద సంతకం నాది" అని ఆవిడ వెనక్కి చూడకుండా వెళ్ళిపోయారు. మాస్టారు తన కుర్చీ తనే ఎత్తుకుని ఆవిడ వెనకాల నడిచారు.

బయట గీతలు చెరిగిపోయి ఉన్నాయి. ఎవరో సున్నం తట్ట తెచ్చారు. ముగ్గులేసే చేతులకి గీత గీయడం ఎంతసేపు? బట్టీల ఆడవాళ్ళు నలుగురు వంగి, కోర్టు నాలుగు వైపులా, నడిమధ్యా తాడు పట్టి గీసేశారు. దమయంతి వంగి నడిగీత తాకి కళ్ళకద్దుకుంది. కూత మొదలైంది.

ఆహా, ఏం ఆట అది. మట్టి లేచి మొహాల మీద పడుతుంటే జనం ఒక్క అడుగు వెనక్కి జరగలేదు. గోడలెక్కారు, ఆగిన లారీ ఎక్కారు. హేమసుందరం మూడు నెలలుగా ఎన్ని బోర్డులు కట్టినా రాని జనం ఆ కూత విని రోడ్డు మీంచి వచ్చేశారు. ఎవరి ఫోను వాళ్ళు పైకెత్తి పట్టుకుని ఊరూరికీ చూపిస్తున్నారు. అతను మాత్రం ఆ పని చెయ్యలేదు. చేతులు వేలాడేసుకుని నిలబడి చూశాడు. తన ఉద్యోగం ఏమవుతుందో అని మొదట కాసేపు అనుకున్నాడు, తర్వాత దమయంతి నలుగురిని ఈడ్చుకుంటూ గీత మీద చెయ్యి వేసేసరికి అది కూడా మర్చిపోయి అరిచాడు.

రెండో సగం మధ్యలో పురుషోత్తం గారు వచ్చారు. ఉత్తకాళ్ళతో వచ్చారు. ముందు నిలబడితే వెనకనుంచి "కూకోండి బాబూ, మాకు అవుపడదు" అంది ఇందాకటి ముసలమ్మ. ఆయన పంట్లాముతోనే మట్టిలో చతికిలబడ్డారు. కాసేపటికి ఆయన పెదాలు కూతతోపాటు కదలడం హేమసుందరం గమనించాడు.

ఒక్క పాయింటు తేడాతో గుంటూరు గెలిచింది. ఎస్తేరు ముందు దమయంతిని ఎత్తుకుని గుండ్రంగా తిప్పింది. దమయంతి ఏడ్చింది, నవ్వింది, మట్టి ఉమ్మింది. నాగరత్నం గారు షీటు మోకాలి మీద పెట్టుకుని ఇద్దరు కెప్టెన్ల చేతా సంతకం పెట్టించి, తను పెట్టి, కార్యదర్శి చేతికిచ్చారు. ఆయన అప్పటికి కప్పు చంకలో పెట్టుకుని వచ్చి ఉన్నాడు, దాన్ని ఎక్కడ దించాలో తెలియక. చుట్టూ ఉన్న అంత జనాన్నీ ఒకసారి చూశాడు. షీటు మడిచి జేబులో పెట్టుకుని కప్పు ఎస్తేరు చేతికిచ్చాడు.

అప్పుడు చూశాడు హేమసుందరం. మాస్టారి కుర్చీ కోర్టువైపు తిరిగి ఉంది. ఎప్పుడు తిప్పుకున్నారో.

దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. పొద్దు వాలుతోంది. పక్కన పురుషోత్తం గారు మట్టి దులుపుకుంటూ, అలవాటుకొద్దీ కాళ్ళతో బూట్ల కోసం వెతుక్కుంటున్నారు.

"మాస్టారూ, నేను నిన్న ఒకటి అడిగాను" అన్నాడు హేమసుందరం. అతని గొంతులో నిన్నటి చురుకు లేదు.

"గుర్తుంది" అన్నారు మాస్టారు. "ఆయన బూట్లు హాల్లో మ్యాటుకి అవతలి వైపు ఉండిపోయాయి. వెళ్ళి పట్టుకురా. తలుపు దగ్గర్నుంచి బొమ్మ మీదుగా అడ్డంగా నాలుగడుగులే. హాల్లో చూసేవాళ్ళు కూడా ఎవరూ లేరు."