శాలువాల బీరువా

ఓబులేసుకు పాట రావడం ఆగిపోయింది.

గొంతు పోలేదు. గొంతు నిక్షేపంగా ఉంది. పాత పాటలు పిలిచిన చోటల్లా పాడుతూనే ఉన్నాడు, పాడిన చోటల్లా జనం చప్పట్లు కొడుతూనే ఉన్నారు. రానిది కొత్త పాట. తత్వాలు కట్టి పాడేవాడికి కొత్త తత్వం రాకపోతే ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు. వాడికొక్కడికే తెలుస్తుంది.

ఎర్రమల కొండల కింద కంబగిరి స్వామి మఠంలో ఒక ఆచారం ఉంది. ఏటా పుష్యమాసంలో అక్కడ, మఠం కట్టిన పెద్ద గురువు ఆరాధన జరుగుతుంది. మఠం తంబూర మోసే శిష్యుడు ఆ రోజు పెద్ద గురువు సమాధి ముందు కూర్చుని, ఆ ఏడు తాను కట్టిన కొత్త తత్వం ఒకటి పాడాలి. వరసగా మూడేళ్ళు కొత్తది లేకపోతే తంబూర తెచ్చి సమాధి మీద పెట్టేయాలి. ఎవరూ తిట్టరు, వెళ్ళగొట్టరు. తంబూర మాత్రం ఇంకొకరి భుజం ఎక్కుతుంది.

ఓబులేసుకు రెండు ఆరాధనలు ఉత్తచేతులతోనే గడిచాయి. ఆ తంబూర అతని పడుచుతనంలో స్వామి తన భుజం మీంచి తీసి అతని భుజానికి తగిలించినది. దాన్ని దించాల్సి వస్తుందేమోనన్న దిగులుతో అతనికి నిద్ర కూడా కరువైంది.

వైశాఖంలో ఒక పొద్దున మఠానికి వచ్చి స్వామి ముందు కూర్చున్నాడు. స్వామి చింతపండులో గింజలు తీస్తున్నాడు.

"సామీ, పాట రాలే."

స్వామి తల ఎత్తలేదు. "ముందు వచ్చినవన్నీ నువ్వు యాడ కూచుంటే వచ్చినాయి?"

"మా ఇంట్లోనే సామీ. చిన్న గది ఉండాది గదా, ఆడ కిటికీ కింద."

"ఇప్పుడు యాడ కూచుంటాండావు?"

"అరుగు మీద."

"గదికేమైంది?"

ఓబులేసు కొంచెం నవ్వాడు. ఆ నవ్వులో కాస్త గర్వం కూడా ఉంది. "గది నిండిపోయింది సామీ."

స్వామి చేట పక్కకు నెట్టి, మోకాళ్ళు పట్టుకుని లేచాడు. "పద, చూద్దాం."

శాలువాల సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. మన దగ్గర పాడేవాడికి అన్నం పెట్టడం మరిచిపోయినా శాలువా కప్పడం మరిచిపోరు. తిరునాళ్ళలో కప్పుతారు, బడి వార్షికోత్సవంలో కప్పుతారు, రైసుమిల్లు తెరిచినా పిలిచి కప్పుతారు. పలచటి గుడ్డ, మెరిసే గిల్టు అంచు. చలికి ఆగదు, చెమట పీల్చదు. ఫొటోలో మాత్రం బాగుంటుంది. కప్పేవాళ్ళ మీద నాకు కోపం లేదు, పాపం వాళ్ళకు తెలిసిన మర్యాద అది. కప్పించుకున్నవాడు దాన్ని ఇంటికి తెచ్చి ఏం చేస్తాడన్నదే నా బాధ.

ఓబులేసు దాచాడు. మొదట దండెం మీద వేశాడు. దండెం వంగితే ట్రంకుపెట్టెలో పెట్టాడు. పెట్టె మూత పడకపోతే ఇనుప బీరువా కొన్నాడు. ఆ బీరువాకు కిటికీ ఉన్న గోడ తప్ప వేరే చోటు కుదరలేదు. అది నిండాక దాని పక్కన రెండోది వచ్చింది. శాలువాలతో పాటు పట్టుపంచెలు, జరీ కండువాలు, సభలకు కుట్టించుకున్న జుబ్బాలు అన్నీ చేరాయి. చివరికి మనిషి తంబూర పట్టుకుని అరుగు మీదికి వచ్చాడు.

స్వామి మఠం దాటి రావడం అరుదు. వాకిట్లో ఆయన్ని చూసి ఓబులేసు భార్య సుంకమ్మ కంగారుగా ఎదురొచ్చి కాళ్ళకు నీళ్ళిచ్చింది. స్వామి మజ్జిగ తాగి నేరుగా ఆ గదిలోకి పోయాడు. పట్టపగలే లోపల చీకటిగా ఉంది. ఆయన గోడ తడుముకుంటూ నిలబడ్డాడు.

"కిటికీ యాడరా?"

"బీరువా ఎనకాల సామీ."

"బీరువా తెరువు."

తెరవగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. పై అరలోంచి ఒక మూట జారి స్వామి కాళ్ళ దగ్గర పడింది. ఆయన వంగి ఒక శాలువా తీశాడు.

"ఇది ఎవరు కప్పినారు?"

"ఎమ్మెల్యే గారు సామీ, కొత్త బస్టాండు కాడ."

"ఇది?"

"నంద్యాల్లో అనుకుంటా."

"ఇది?"

ఓబులేసు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. అంచు చూశాడు. "గుర్తు లేదు సామీ."

ఆ తర్వాత తీసిన వాటిలో ఏదీ అతనికి గుర్తు రాలేదు. గుమ్మంలో నిలబడ్డ సుంకమ్మ ఇక ఆపుకోలేకపోయింది.

"గుర్తు లేకున్యా ఇయ్యడు సామీ. పోయిన చలికాలం పిల్లోడు జొరంతో వణుకుతాంటే ఒకటి ఇయ్యమన్యా. అది కలెక్టరు కప్పింది, నలుగుతాదన్యాడు."

"నువ్వూరుకోమ్మే," అన్నాడు ఓబులేసు.

స్వామి ఇద్దరినీ చూశాడు. "చాప వెయ్యమ్మా సుంకమ్మా. ఈపొద్దు మనోనికి మనం సన్మానం చేద్దాం."

ఓబులేసు సిగ్గుపడుతూనే కూర్చున్నాడు. ఎన్ని చోట్ల జరిగినా గురువు చేతుల మీదుగా ఎప్పుడూ జరగలేదు. స్వామి ఒక శాలువా మడత విప్పి, రెండు చేతులతో తెచ్చి, అతని భుజాల మీద కప్పాడు. ఓబులేసు అలవాటుగా చేతులు జోడించి తల వంచాడు.

స్వామి ఇంకొకటి తెచ్చాడు. అదే మర్యాదతో కప్పాడు. తర్వాత ఇంకొకటి.

ఓబులేసు నవ్వాడు. స్వామి నవ్వలేదు. మళ్ళీ బీరువా దగ్గరికి పోయాడు, మళ్ళీ వచ్చాడు. సుంకమ్మ మొదట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కొంతసేపటికి ఆమె కూడా మానుకుంది.

వైశాఖపు ఎండ, గాలి లేని గది. ఓబులేసు మెడ మీంచి చెమట కారుతోంది. గుడ్డ మీద గుడ్డ పడుతూ ఉంటే జోడించిన చేతులు జోడించినట్టే లోపల ఉండిపోయాయి. కలరా ఉండల వాసనకు కళ్ళు మండుతున్నాయి. ఒక శాలువా జారి ముఖానికి అడ్డం పడింది. దాన్ని తీసుకోవడానికి చెయ్యి రాలేదు.

అప్పుడు స్వామి కొక్కేనికి ఉన్న తంబూర తెచ్చి అతని ముందు పెట్టాడు.

"పాడు."

ఓబులేసు చెయ్యి బయటికి లాగబోయాడు. మోచెయ్యి దాకా వచ్చి ఇరుక్కుంది. రెండో చెయ్యి అసలు కదల్లేదు.

"సామీ..."

"పాడు నాయనా. ఇవన్నీ నీ పాటకే గదా కప్పినారు."

అతనికి మొదట సిగ్గేసింది. తర్వాత ఊపిరాడలేదు. తర్వాత నిజంగా భయమేసింది. తంబూర జానెడు దూరంలో ఉంది, తాకలేకపోతున్నాడు. ఆ గుడ్డల కింద ఓబులేసు ఏడ్చాడు. ఏడుపు ఎవరికీ కనబడలేదు, కుప్ప మాత్రం కదిలింది.

స్వామి దాన్ని తీయలేదు, ఓదార్చలేదు. బీరువా దగ్గరికి తిరిగి వెళ్ళి, అన్నిటికన్నా అడుగు అరలో చెయ్యి పెట్టి, మూలకు నలిగిపోయి ఉన్న ఒక బొంత బయటికి లాగాడు. పాత చీరలు పొర మీద పొర వేసి కుట్టిన బొంత. రంగు వెలిసిపోయింది, అతుకుల మీద అతుకులున్నాయి. అన్ని కలరా ఉండల మధ్య ఉన్నా దానికి ఇంకా కట్టెల పొగ వాసన వస్తోంది.

ఆయన ఓబులేసు ముఖం మీది గుడ్డ కొంచెం పక్కకు జరిపాడు. "ఇది ఎవరు కప్పినారు?"

ఈసారి ఓబులేసు అంచు చూడాల్సిన పని లేకపోయింది.

"గొర్రెల మంద కాడ ఒక ముసలామె సామీ. మీరు తంబూర ఇచ్చిన ఏడే. తిరునాళ్ళ నుంచి నడిచొస్తాంటే చేన్లో మంద తోలినోళ్ళు కూచోబెట్టి పాడమన్యారు. మంచు పడతాంది. నాకు పైన తుండుగుడ్డ తప్ప ఏమీ లేదు. పళ్ళు కొట్టుకుంటాంటే మాట తెగిపోతాంది. ఆయమ్మ ఎనకనుంచి వచ్చి, తాను కప్పుకున్న బొంత తీసి నాకు కప్పింది."

"తెల్లారినాక దీన్ని తిరిగిచ్చెయ్యకపోయినావా?"

"ఇచ్చినా సామీ. ఉంచుకో నాయనా, ముందర ఊళ్ళో కూడా చలి ఉంటాది అనింది." ఓబులేసు బొంత అతుకుల కేసి చూశాడు. "ఆయమ్మ పేరు గూడా అడగలే."

"ఆమె కప్పినప్పుడు పాట ఆపినావా?"

"లే సామీ. ఆపగూడదనే గదా కప్పింది."

"మరి ఇవి?"

ఓబులేసు తన మీదున్న కుప్పను చూసుకున్నాడు.

"ఇవన్నీ పాట అయిపోయినాక కప్పినవి సామీ."

స్వామి బొంత మడిచి చాప మీద పెట్టాడు. "ఎండ ముదరకముందే పోవల్ల," అని చేతికర్ర అందుకుని వెళ్ళిపోయాడు.

ఓబులేసు లేచి నిలబడ్డాడు. శాలువాలన్నీ జారి కాళ్ళ చుట్టూ పడ్డాయి.

"వీటినేం చేద్దాం?" అంది సుంకమ్మ, నెమ్మదిగా.

"నీ ఇష్టం," అన్నాడు.

ఆ మాట కోసం ఆమె ఎన్నేళ్ళుగా ఎదురుచూస్తోందో! ఆ మధ్యాహ్నమే పక్కింటి ఆడవాళ్ళను పిలిచి సూదులు పంచింది. ఒక్కో శాలువా దేనికీ పనికిరాదు గానీ, నాలుగైదు పొరలు కలిపి దగ్గరగా కుట్లు వేస్తే మంచి బొంత అవుతుంది. మొదటిది కొడుకు పక్క మీద వేసింది. తర్వాతవి మఠానికని పక్కన పెట్టింది. బీరువాలు బడికి పోయాయి, వాటిలో ఇప్పుడు పిల్లల పుస్తకాలున్నాయి. పట్టుపంచెలు పెళ్ళికెదిగిన కుర్రాళ్ళున్న ఇళ్ళకు చేరాయి. ఓబులేసుకు మిగిలిన బట్టలు ఒక్క దండేనికి సరిపోయాయి.

తుప్పు పట్టిన కిటికీ రెక్కలు ఊడదీసినంత పని చేస్తే గానీ తెరుచుకోలేదు. తెరుచుకోగానే వేపపూత వాసనతో గాలి లోపలికి వచ్చింది. ఓబులేసు తుండుగుడ్డ తల కింద పెట్టుకుని ఆ కిటికీ కింద ఉత్త నేల మీద పడుకుని, దీపాలు పెట్టే వేళ దాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు.

పాట మాత్రం రాలేదు.

గది ఖాళీ అయితే మర్నాడే పాట వస్తుందనుకున్నాడు, పిచ్చివాడు. రోజూ పొద్దున్నే వెళ్ళి కూర్చునేవాడు. ఎదుట గోడకు బీరువాల మరక ఉండేది, దాన్ని చూస్తూ ఉండేవాడు. కొన్నాళ్ళు ఆ ఖాళీని చూస్తే గుండె దడగా ఉండేది. కొన్నాళ్ళకు అలవాటైంది. ఇంకా కొన్నాళ్ళకు, అరుగు మీద ఆడవాళ్ళు బొంతలు కుడుతూ చెప్పుకునే మాటలు, దూరంగా ఎవరో ఎద్దును అదిలించే కేక, అన్నీ కిటికీలోంచి స్పష్టంగా వినిపించడం మొదలైంది. ఎక్కడైనా పాడితే మళ్ళీ శాలువా కప్పేవాళ్ళు. ఇంటికి రాగానే సుంకమ్మ సూది తీసేది.

మార్గశిరం పోతూ పోతూ ఒక్క పల్లవి ఇచ్చింది. దాని తర్వాత ఎంత కూర్చున్నా ఇంకో మాట లేదు. పుష్యం వచ్చేసింది.

ఆరాధన నాటి పొద్దున మఠం ముందు మంచు దట్టంగా ఉంది. వచ్చిన జనం సుంకమ్మ బొంతలు కప్పుకుని కూర్చున్నారు. కుట్ల సందుల్లో గిల్టు అంచులు అక్కడక్కడా మెరుస్తున్నాయి. ఓబులేసు ముసలామె బొంత భుజాన వేసుకుని, తంబూర పట్టుకుని వచ్చాడు. తంబూర సమాధి మీద పెట్టేయాలన్న నిశ్చయంతోనే వచ్చాడు.

ఆచారం ప్రకారం మొదటి పాట స్వామిది. ఒంటి మీద అంగవస్త్రం తప్ప ఏమీ లేదు. ముసలి గొంతు, దానికి తోడు చలి. రెండో చరణం దగ్గర వణుకు ఎక్కువై మాట తెగిపోతోంది. జనం ఇబ్బందిగా కదిలారు.

ఓబులేసు లేచి వెనక నుంచి వెళ్ళి, తన భుజం మీది బొంత తీసి స్వామికి కప్పాడు.

స్వామి వెనక్కి తిరిగి చూడలేదు. పాట ఆపలేదు. కొంతసేపటికి గొంతు కుదురుకుంది. చరణం నిండుగా పూర్తయింది.

ఓబులేసు సమాధి మెట్టు మీద తంబూర పెట్టి చేతులు కట్టుకున్నాడు. "ఒక్క ముక్కే వచ్చింది సామీ. పాట కాలే."

స్వామి బొంతలోంచి చెయ్యి చాపి, తంబూర తీసి అతని చేతుల్లో పెట్టాడు.

"పాడు."

ఓబులేసు కూర్చున్నాడు. తంబూర మీటాడు.

"వచ్చేటివానికి చోటేదిరన్నా, ఇల్లంతా నేనై నిండితిని..."

అదే మళ్ళీ పాడాడు. ఎవరూ కదల్లేదు. మూడోసారి ఆ చివరి మాట దగ్గరికి వచ్చేసరికి దాని వెనకే ఇంకో మాట వచ్చి నిలబడింది. కిటికీ తెరిచిన సంగతి వచ్చింది, గాలి వచ్చింది. మంద కాడ ముసలామె వచ్చింది. పాడుతూ పాడుతూ అతను కళ్ళు మూసుకున్నాడు. సుంకమ్మ కళ్ళు తుడుచుకుంది.

చరణం ముగిసింది. తర్వాతి మాట కోసం ఓబులేసు ఆగాడు. తంబూర ఒక్కటే మోగుతోంది.

పాట అయిపోయిందనుకుని పట్నం నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన ముందు వరసలోంచి లేచాడు. సంచిలోంచి కొత్త శాలువా తీసి మడత విప్పుతున్నాడు.

స్వామి చెయ్యెత్తి ఆపాడు.

"కూచో నాయనా. పాట ఇంకా ఉండాది."